లిస్టు రాకముందు రోజులు

గాజువాక,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

ఆఫీసులో ఉద్యోగాలు తీసేసిన రోజు గురించి నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కనక చెప్తున్నాను. నేను మాస్టార్ని కాదు, ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో హాజరు లెక్కలు చూసే టైమాఫీసులో గుమాస్తాని. అయినా మనవైపు నాలుగు కథలు అచ్చయినవాడు మాస్టారైపోతాడు, ఏం చేస్తాం.

ముందు పేరు. 'పింక్ స్లిప్' తీసెయ్యి. ఆ గులాబీ కాగితాన్ని నువ్వెప్పుడైనా చూశావా? నేను చూళ్లేదు. మా దగ్గర వచ్చింది తెల్లకాగితం, సైక్లోస్టైలు తీసింది, ముట్టుకుంటే వేలికి సిరా అంటేది. మీ ఋషికొండ ఐటీ ఆఫీసుల్లో పదిహేను నిమిషాల మీటింగు ఇన్వైటు వస్తుందనీ, విషయం దగ్గర 'క్యాచ్-అప్' అని మాత్రమే ఉంటుందనీ ఫోన్లో నువ్వే చెప్పావు. నాకు చెప్పినదాన్ని కథకి ఎందుకు చెప్పలేదు?

తర్వాత సముద్రం. ఉద్యోగం పోయిన కుర్రాడు ఆర్కే బీచిలో నిలబడితే కెరటాలొచ్చి కాళ్లు కడిగాయి. విశాఖపట్నంలో కలం పట్టిన ప్రతివాడూ (నా మొదటి మూడు కథలతో సహా) ఎవరినో ఒకర్ని ఆ నీళ్లముందు నిలబెడతాడు. నేనెరిగినవాళ్లు ఏడవడానికి బీచికి వెళ్లలేదు. ఇంట్లో చెప్పలేక రోజూలాగే ఏడున్నరకి క్యారేజీ పట్టుకుని బయల్దేరి, మిట్టమధ్యాహ్నం సిమెంటు బెంచీమీద అన్నం తినడానికి వెళ్లారు. ఒకాయన మూత సగమే తీసి తినేవాడు, ఎవరైనా తెలిసినవాళ్లొస్తే చప్పున మూసేయొచ్చని.

అసలు ఇబ్బంది వేరే ఉంది. నీ కథ తీసేసిన రోజు పొద్దున్న మొదలై ఆ సాయంత్రానికి అయిపోయింది. తీసెయ్యడం పదిహేను నిమిషాల పని. దానికి ముందు ఆర్నెల్లు, ఎనిమిది నెలలు నడుస్తుంది చూడు, 'ఏదో జరుగుతోందట' అనే కాలం, మనుషులు బయటపడేది అందులోనే. మా ఫ్యాక్టరీలో ఆ పుకారు పుట్టిందని ఎవరూ చెప్పకముందే టైమాఫీసులో నాకు తెలిసిపోయింది. లేటు పంచ్‌లు ఆగిపోయాయి. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే మహానుభావులు సైరను మోగకముందే గేటు దగ్గర ఉంటున్నారు. పెళ్లిళ్ల రోజుల్లో సెలవు చీటీలు రాలేదు. మెడికల్ బిల్లులు మాత్రం కట్టలు కట్టలు. ఉద్యోగం ఉండగానే కళ్లజోడు మార్పించేద్దామని ఒకడు, తల్లి కంటి ఆపరేషను చేయించేద్దామని ఇంకొకడు. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర క్యూలో నిలబడితే ముందూ వెనకా మావాళ్లే.

యూనియనాఫీసులో మొదటి నెల కుర్చీలు చాల్లేదు. మూడో నెలకి ముగ్గురం మిగిలాం. మేనేజ్‌మెంటుకి భయపడి మానేశారని నువ్వు రాస్తావు, చాలామంది అలాగే రాశారు కూడా. భయం ఉంది, కాదన్ను. కానీ ఎనభైమందిని తీస్తారని అంకె బయటికి పొక్కగానే ప్రతివాడూ మనసులో తనకంటే ముందు పోయే ఎనభైమందిని లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. వేళ్లమీద లెక్కపెట్టినవాళ్లని నేను కళ్లారా చూశాను. పక్కవాణ్ణి అలా లెక్కలో వేసుకున్నాక వాడి పక్కన కూర్చుని జిందాబాద్ అనడం కష్టం.

ఇక మాట. నీ పాత్రలు టీకొట్టు దగ్గర 'సంస్థాగత పునర్వ్యవస్థీకరణ' అంటున్నారు. వార్తలు చదివేవాళ్లు తప్ప ఎవరంటారమ్మా? "ఏట్రా, లిస్టొచ్చీసిందంట?" "నాకేటి తెల్సు, నువ్వేటి ఇన్నావు?" మీ అమ్మమ్మగారిది చీపురుపల్లి వైపు కదా, నీకు రాకపోవడమేమిటి? మా క్యాంటీన్ కుక్కు రీస్ట్రక్చరింగుని 'ఇస్త్రీచరింగు' అనేవాడు. మనందర్నీ మడతపెట్టి ఇస్త్రీ చేస్తారట. ఆర్నెల్లు ఆ ఒక్క మాటమీద నవ్వుకున్నాం. పెద్దమాట మేనేజరు నోట ఒక్కసారి పెట్టు, చాలు.

చట్టం దగ్గర కూడా తొందరపడ్డావు. నీ కథానాయిక 'లేబర్ కోర్టులో చూసుకుంటా' అని లేచి వెళ్లిపోతుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం తీసెయ్యాలంటే నెల నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం ఇవ్వాలని ఉండేది, ఇప్పటికీ అంతే. పనిచేసేవాళ్లు వందమంది, ఆపైన ఉంటే ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది, 2020లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ వందని 300 చేసింది. అయితే ఆ అనుమతి గొడవంతా ఫ్యాక్టరీలకి, గనులకి, తోటలకి. కొండమీది అద్దాల ఆఫీసులకి కాదు. పైగా నీ పిల్ల టీమ్ లీడు, ఆమె కార్మికురాలి కిందకి వస్తుందా రాదా అన్న దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి. అసలు అక్కడిదాకా పోనివ్వరు. 'మేం తీసేశాం' అనరు, 'నువ్వే రాజీనామా పెట్టుకో, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం' అంటారు. రాజీనామా పెట్టినవాళ్లకి ఆ పదిహేను రోజుల లెక్క వర్తించదు. అంటే తన మెడమీది కత్తిని తనే టైపు చెయ్యాలి. ఏమని రాస్తుంది? 'వ్యక్తిగత కారణాలవల్ల' అని రాస్తుంది. కోర్టు డైలాగు కొట్టేసి ఆ రెండు మాటలు టైపు చేసే వేళ్లు చూపించు. ఇంకోటి, ఆమె సర్వీసు నాలుగేళ్ల మూడు నెలలని రాశావు. పర్మనెంటు ఉద్యోగమైతే గ్రాట్యుటీకి ఐదేళ్లు కావాలి. కావాలని పెట్టావో, చేతికొచ్చిన అంకె వేశావో గానీ ఆ తొమ్మిది నెలల లోటు బంగారంలాంటిది, వాడుకో.

ఆ పిల్ల నాన్నని స్టీల్‌ప్లాంట్ ఉద్యోగిని చేసి, చివర్లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అనిపించావు. ఆ నినాదంమీద నాకు గౌరవం ఉంది. 1966లో ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. అందుకే దాన్ని కథ ముగించే తాళంచెవిగా వాడకు. 2021 జనవరి 27న ప్లాంట్ వందశాతం అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పట్నించి కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చున్నవాళ్లకి 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటన వచ్చింది. స్వీట్లు పంచుకున్నారు. ఆ ఏడాదే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పిలుపూ వచ్చింది, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ వచ్చాయి. ప్లాంట్ నిలబడిందని నాన్న సంతోషించాలా, పక్కన పనిచేసిన కాంట్రాక్టు కుర్రాడు కనపడ్డంలేదని బాధపడాలా? ఆయన నినాదం ఇవ్వడు. రాత్రి కూతురు ఫోను చేస్తే "అన్నం తిన్నావా" అంటాడు.

నీ హెచ్చార్ ఆవిడ గురించి. ఆమెకి ఎర్ర లిప్‌స్టిక్కు, చల్లటి నవ్వు ఇచ్చావు. ఆవిడ ఇంటికెళ్లి ఏం చేస్తుందో ఆలోచించావా? నేనెందుకు అడుగుతున్నానంటే, తొంభైల్లో మా ఫ్యాక్టరీలో తీసేసేవాళ్ల లిస్టు స్టెన్సిలు మీద టైపు కొట్టింది నేను. నాలుగు రోజులు ఆ పేర్లన్నీ నా కడుపులో ఉన్నాయి. మూడోరోజు రాత్రి తొమ్మిదింటికి ఒక ఫిట్టరు తాటాకులో ముంజలు కట్టించుకుని స్కూటరుమీద వచ్చాడు. నన్ను అన్నా అనేవాడు. వరండాలో చతికిలబడి, కత్తి వద్దని, గోళ్లతో ఒక్కో ముంజె పైతోలు వలిచి మా పిల్లల పళ్లెంలో వేశాడు. గంటసేపు. ఏమీ అడగలేదు. వెళ్తూ "ఈమధ్య ఓటీ బాగా చేస్తన్నట్టున్నావన్నా" అన్నాడు. "ఆడిట్ రా" అన్నాను, మొహం చూడకుండా. అతని పేరు ఆ లిస్టులో లేదు. లేదని ఒక్క ముక్క చెప్తే గుట్టు రట్టవుతుందని చెప్పలేదు. నేను మొహం తిప్పుకున్నందుకు అతనికి వేరే అర్థం తట్టింది. మర్నాడు పదింటికి వీఆర్ఎస్ కాగితం పట్టుకొచ్చాడు. దానికి ఇన్‌వర్డ్ నంబరు వేసిందీ నేనే.

ఈ కథ ఇంతవరకూ రాయలేకపోయాను. రాయబోయినప్పుడల్లా అందులో నేను మంచివాణ్ణయిపోతున్నాను. నువ్వు మీ హెచ్చార్ ఆవిడని చెడ్డదాన్ని చెయ్యడమూ అలాంటి పనే.

ఉత్తరం చివర 'మా ఆఫీసులోనూ ఏదో నడుస్తోంది' అని ఒక్క లైను రాసి ఊరుకున్నావు. అయితే రోజూ రెండు వాక్యాలు తారీఖు వేసి రాసిపెట్టుకో, ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ ఇంటికి తెచ్చి పెట్టుకో. ఇది రచయితగా కాదు, టైమాఫీసు మనిషిగా చెప్తున్నాను.

నీ మూడో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిలుతో రెండు గీతలు గీశాను. ఎవరికీ ఇంకా ఏమీ చెప్పకముందే, ఆ సీనియర్ ఆవిడ టేబులు కింద వేసుకునే స్లిప్పర్లు ఓ సాయంత్రం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోతుంది. దాన్ని రాసి, ఏమీ రాయనట్టు పక్కకి వెళ్లిపోయావు. అక్కణ్ణించి మొదలెట్టి మళ్లీ రాయి. ఇంటికెళ్లాక ఆ స్లిప్పర్లు ఎక్కడ పెట్టింది? మొగుడు చూసి ఏమన్నాడు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు