పాత పుస్తకం కోసం కొత్త ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలా?

ప్రశ్న: 1930ల నాటి తెలుగు కథలపై పరిశోధన చేస్తున్నాను. నాకు కావలసిన సంపుటి పత్రాలు పంచుకునే ఒక సైటులో కనిపించింది. నాలుగు పేజీలు చూపించి, మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంటోంది. లింకు అతికిస్తే పీడీఎఫ్ దించిపెట్టే మరో సైటు ఉందని స్నేహితురాలు చెప్పింది. అక్కడికి వెళ్తే బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రాము) వేసుకోమంటోంది. వేసుకోవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దమ్మా. వేసుకునే ముందు వచ్చే చిన్న పెట్టెను నిదానంగా చదవండి. ఇలాంటివి చాలావరకు, మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదవడానికీ మార్చడానికీ అనుమతి అడుగుతాయి. అన్ని వెబ్‌సైట్లంటే మీ ఈమెయిలు, బ్యాంకు పేజీ కూడా. ఒక కథల సంపుటి తెచ్చిపెట్టేదానికి వాటితో పనేమిటి? ఇప్పటికే వేసుకుని ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి.

గ్రంథాలయంలో స్కాన్ ప్రతులతోనే నా పని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. అలా డబ్బు అడిగే పాత పుస్తకాల్లో చాలా వాటికి ఉచిత ప్రతి మరోచోట ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద మన గ్రంథాలయాల్లోని తెలుగు పుస్తకాలు ఎన్నో స్కాన్ అయ్యాయి. ఆ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటి గుర్తింపు సంఖ్య 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అని మొదలవుతుంది. లాగిన్ అవసరం లేదు, పైసా కట్టనక్కర్లేదు.

చిక్కంతా వెతకడంలోనే. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవారికి తోచినట్టు ఉంటాయి. 'కథలు' అన్న మాటనే ఒకరు 'టీ హెచ్'తో రాస్తే మరొకరు 'డీ హెచ్'తో రాశారు. దీర్ఘానికి ఒకరు ఒక 'ఏ' వేస్తే ఇంకొకరు రెండు వేశారు. రచయిత ఇంటిపేరు ఒక చోట ముందుంటుంది, మరో చోట అసలే ఉండదు. అందుకే పూర్తి పేరుతో వెతికి, దొరకలేదని వదిలేయకండి. పేరులోని ఒక్క మాటను నాలుగైదు రకాలుగా రాసి చూడండి. పాత పుస్తకాలను ఉచితంగా చదివించే తెలుగు వికీసోర్స్ సైటు కూడా చూడండి, అక్కడ తెలుగు లిపిలోనే వెతకవచ్చు.

పుస్తకం దొరికాక పేజీలో కుడివైపు కిందికి వస్తే డౌన్‌లోడ్ రకాల జాబితా ఉంటుంది, అందులో పీడీఎఫ్ ఎంచుకోండి. అన్ని ఫైళ్లూ చూపించే లింకు నొక్కితే ఒక్కొక్క దాని పరిమాణం కనిపిస్తుంది. నెట్ మధ్యలో తెగిపోతే సగం ఫైలే మిగిలి, తెరవబోతే పాడైందని చెబుతుంది. దిగిన ఫైలు పరిమాణాన్ని ఆ జాబితాతో పోల్చి చూసుకుంటే సంగతి వెంటనే తేలుతుంది.

హక్కుల సంగతి కూడా పట్టించుకోవాలి. మన చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచనపై హక్కు ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు. కాబట్టి ఆయన జీవితకాలంలో వెలువడిన కథలు 2022 జనవరి 1 నుంచి అందరివీ. కొత్త ముద్రణలో ఇప్పటివారు రాసిన పీఠిక మాత్రం అలా కాదు. హక్కులున్న పుస్తకమైతే కొనండి, లేదా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగండి. తెలుగు పుస్తకం అచ్చువేసేవారికి మిగిలేదే తక్కువ, దాన్నీ మనం లాక్కోకూడదు.

ఎక్కడి నుంచి దించుకున్నా తెరిచే ముందు ఫైలు పేరు చివర చూడండి. విండోస్ మామూలుగా ఆ తోకను దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని 'వ్యూ' మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. అప్పుడు పీడీఎఫ్ అనుకున్నది నిజానికి 'పీడీఎఫ్.ఈఎక్స్ఈ', అంటే పుస్తకం కాక కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము అయితే బయటపడుతుంది. అలాంటి దాన్ని తెరవకుండా చెరిపేయండి. అనుమానంగా ఉన్న ఫైలును వైరస్‌టోటల్ సైటులో పరీక్షించవచ్చు కానీ, ఆధార్, మార్కుల జాబితా వంటివి అక్కడ పెట్టకండి. అక్కడికి చేరిన ఫైళ్లు ఇతర భద్రతా సంస్థలకూ అందుతాయి.

ప్రశ్న: ట్రాఫిక్ చలానా అంటూ నాన్నగారి వాట్సాప్‌కు ఒక ఫైలు వచ్చింది. పేరు చివర 'ఏపీకే' అని ఉంది. ఆయన తెరవబోతుంటే ఆపాను. ఇది ఏ రకం పత్రం?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పత్రం కాదండీ, యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఓటీపీ సందేశాలు అవతలివాడి చేతికి పోతాయి. మీరు ఆపడం చాలా మంచిదైంది. చలానా నిజంగా ఉందో లేదో ప్రభుత్వ రవాణా సైటు పరివాహన్ వారి ఈ-చలాన్ పేజీలో బండి నంబరు ఇచ్చి చూసుకోండి. ఎవరైనా ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఆ ఫోనులో నెట్ ఆపి, మరో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.