కణితి రక్తనాళాలను తనవైపు ఎలా రప్పించుకుంటుంది?

కణితికి నోరు లేదు కదా, రక్తనాళాన్ని ఎలా పిలుస్తుందని ఒకరు అడిగారు. రసాయనంతో పిలుస్తుంది.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే లోపలి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు. మా అనంతపురంలో కాలువకు దూరంగా పడ్డ చేను పరిస్థితే. కణంలో హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ తయారైన కాసేపటికే నాశనమవుతుంది. అలా నాశనం కావడానికి ఆక్సిజన్ ఉండాలి. అది తగ్గిందా, ఈ ప్రోటీన్ పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, రక్తనాళాలను పెరగమని చెప్పే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ జన్యువును ఆన్ చేస్తుంది. బయటికొచ్చిన వీఈజీఎఫ్ దగ్గర్లోని రక్తనాళపు లోపొర కణాల మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. అక్కడ ఒక కణం దారి తీస్తుంది, వెనకున్నవి విభజన చెందుతూ గొట్టం కడతాయి. ముందున్న కణమే పక్కవాటిని 'మీరు వెనకే ఉండండి' అని నాచ్ అనే, కణం నుంచి పక్క కణానికి వెళ్లే సంకేతంతో ఆపుతుంది. నాకు భలే ఆశ్చర్యంగా అనిపించే విషయం ఇదే.

గాయం మానేటప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే పనయ్యాక ఆగుతుంది. కణితిలో ఆగదు. అందుకే ఆ నాళాలు హడావుడిగా తవ్విన పిల్లకాలువల్లా వంకరటింకరగా, కారుతూ ఉంటాయి.

కణితికి రక్తం అందే ఈ దారి మూసేయొచ్చని అమెరికా వైద్య పరిశోధకుడు జుడా ఫోక్‌మన్ 1971లోనే అన్నారు. వీఈజీఎఫ్‌ను పట్టేసే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని చాలాసార్లు కీమోతో కలిపే ఇస్తారు.