శ్రమదానంతో ఇళ్ళు కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ సంఘం పిల్లలంతా కలిసి మన పాలమూరు పల్లెలో తక్కువ ఖర్చుతో, ఎండాకాలం చల్లగా ఉండే ఇళ్ళు కట్టాలనుకోవడం సంతోషం. నువ్వు పంపిన ప్లాను చూశాను. గీత బాగుంది, కానీ కట్టే చేతులు ఎవరివో చూడకుండా గీసినట్టుంది. ఆదివారం హైదరాబాదు నుంచి వచ్చే కాలేజీ పిల్లలకు ఏ పని చేతనవుతుందో చూసుకుని, దానికి తగ్గట్టు గీయాలి.

వాళ్ళకు చేతనయ్యేది ఇటుక పని. కాల్చే ఇటుక కాదు, మట్టిలో కాస్త సిమెంటు కలిపి చేతి మిషనుతో నొక్కి తీసేది. బట్టీ ఉండదు కనుక బొగ్గు ఖర్చు లేదు, మట్టి అక్కడిదే కనుక లారీ కిరాయి మిగులుతుంది. జల్లెడ పట్టడం, కలపడం, నొక్కడం, మోయడం ఒక పూటలో వచ్చేస్తాయి.

పైన జానెడు మట్టి తీసెయ్యి, అందులో వేర్లు, చెత్త ఉంటాయి. నల్లరేగడి వద్దే వద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. ఎర్రమట్టిని గాజుసీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి, ఒక రాత్రంతా కదపకుండా పెట్టు. ఇసుక అడుగుకు దిగుతుంది, బంకమట్టి పైన తేరుతుంది. సగానికి పైగా ఇసుక, గరుకు ఉండి, బంక ఐదో వంతు దాకా ఉంటే మంచిది. అలాంటి మట్టికి సిమెంటు నూటికి ఐదు పాళ్ళు వేస్తే మామూలుగా సరిపోతుంది. కలిపిన మట్టిని ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి వదులు. నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉన్నట్టు, పొడైతే నీళ్ళు చాలనట్టు.

నొక్కిన ఇటుకల మీద రెండు రోజులు పట్టా కప్పి, ఆ తర్వాత నాలుగు వారాలు తడపాలి. శ్రమదానాలు చెడేది ఇక్కడే. ఆదివారం అందరూ ఫోటోలు దిగి వెళ్ళిపోతారు, బుధవారం నీళ్ళు కొట్టే దిక్కుండదు. ఏ రోజు ఎవరు తడుపుతారో పేర్లు రాసుకున్నాకే మిషను దించు.

పునాది, మూలలు, శ్లాబు సుతారి మేస్త్రికే వదిలెయ్యండి, పూర్తి కూలి ఇచ్చి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు శ్లాబు కింది భాగంలో మంగళూరు పెంకులు పొదిగి కాంక్రీటు తగ్గించాడు. నీకూ ఆ ఆశ ఉంటుందని తెలుసు. ఇంజనీరు కడ్డీల లెక్క వేసి, అది ఇదివరకు పోసిన మేస్త్రి దొరికితేనే ఆ జోలికి వెళ్ళు. రాతి పునాది నేలకు అడుగున్నర ఎత్తు లేపి, చూరు రెండడుగులు బయటికి దించితే మట్టి గోడ వానకు నిలుస్తుంది. పడమర కిటికీలు తగ్గించు, శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టించు. నేలకు తాండూరు బండలుండగా టైల్సు దేనికి?

ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఇచ్చే 5 లక్షలు పని అయినకొద్దీ విడతలుగా వస్తాయి. కాబట్టి పునాది డబ్బు ముందే చేతిలో ఉండాలి. మట్టి ఇటుక గోడకు బిల్లు అవుతుందా అని ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరును, ఇప్పుడే అడుగు, గోడ లేచాక కాదు.

ఒక మాట గట్టిగా చెబుతాను. పేరుకు శ్రమదానమై, తీరు వెట్టిలా ఉండకూడదు. ఇంటివాళ్ళు రోజు కూలి పోగొట్టుకుని మీతో పనిచేస్తారు, పైగా ముప్పైమందికి వంట వాళ్ళ నెత్తిన పడితే అప్పు చేస్తారు. బియ్యం, కూరగాయలు మీరే తెచ్చుకోండి. పొయ్యి ఎటుండాలో, మేకలు ఎక్కడ కట్టేస్తారో ఆ ఇంటి ఆడవాళ్ళను అడగండి. నీ ప్లానులో మేకలకు చోటే లేదు.

మరుగుదొడ్డికి రెండు గుంతలు తవ్వించు. ఒకటి నిండితే రెండోదానికి మళ్ళిస్తారు, మొదటిది ఎరువవుతుంది. అసహ్యపడే వాళ్ళకు వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి సంగతి చెప్పు. 2017లో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అంతటివాడు అక్కడి గుంతలోకి దిగి ఆ ఎరువు తీశాడు.

చలికాలంలో ఇటుకలు, ఎండల్లో గోడలు, జూన్ వానలకు ముందే శ్లాబు అయిపోవాలి. సీసాలో పొరలు తేరాక ఫోటో పంపు. బంక ఎక్కువుంటే గుట్ట కింది మొరం జల్లించి కలుపుదాం.

మీ మామయ్య