ఫైటర్ పిల్లలకు డబ్బా పొడి వద్దు, కదిలే మేత పెట్టండి

ఫైటర్ (బెట్టా) చేప గుడ్లు పగిలి రెండు రోజులైంది, పిల్లలకు ఏ కంపెనీ పొడి వేస్తే బతుకుతాయని అడిగారు. ఏ కంపెనీదీ వద్దండి. పొట్ట కింద సొన తిత్తి కరిగిపోయి, పిల్ల అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి దానికి బతికున్న మేతే కావాలి. కళ్ల ముందు ఏదైనా మెదిలితేనే నోరు తెరుస్తుంది. పొడి అయినా, ఉడికించిన గుడ్డుసొన అయినా అడుక్కి దిగి కుళ్లుతుంది. పొద్దున్న చూసేసరికి నీళ్లు చెడిపోయి ఉంటాయి, పిల్లలు ఉండవు.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న రావడమే నాకు బాధగా ఉంటుంది. కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతులెవరినైనా అడగండి. నర్సరీ చెరువులో పేడ, వేరుశనగ చెక్క వేసి, నీళ్లకు రంగు తిరిగాకే స్పాన్ (అప్పుడే పుట్టిన చేప పిల్లలు) వదులుతారు. ఆ రంగే మేత. ముందు మేత, తర్వాతే పిల్ల. అక్వేరియం షాపుల వాళ్లు మాత్రం జతను అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పరు, డబ్బా చేతిలో పెట్టి పంపేస్తారు.

మొదటి నాలుగు రోజులకు వరిగడ్డి నీళ్లను మించింది లేదు. మరిగించి చల్లార్చిన నీళ్లు ఓ గాజు సీసాలో పోసి, గుప్పెడు ఎండుగడ్డి తుంచి వేసి, ఒక గ్లాసు చెరువు నీళ్లు కలిపి నీడలో పెట్టండి. ముందు తెల్లగా మసకేసి కంపు కొడుతుంది. పారబోయకండి, అది బ్యాక్టీరియా. కొన్ని రోజులకు తేటపడి, కంపు తగ్గుతుంది. అప్పుడు సీసా వెనక టార్చి పెట్టి చూస్తే సన్నటి తెల్ల నలుసులు వాటంతటవే తిరుగుతూ కనిపిస్తాయి. అవే పారమీషియాలు, ఒకే కణం ఉన్న సూక్ష్మజీవులు. డ్రాపర్‌తో పూటకు కాస్త వేస్తే చాలు. జతను కలపడానికి వారం ముందే ఈ సీసా పెట్టుకోవాలి.

గడ్డి ఎక్కడిదో మాత్రం కనుక్కోండి. మందులు కొట్టని చేను దొరకడమే కష్టమైపోయింది. తిండికి వేసుకున్న చేలో గడ్డి, అదీ వాములో పాతబడింది అయితే మేలు. కాలువ నీళ్లనూ నమ్మలేం. రొయ్యల చెరువుల మురుగు ఎక్కడ కలుస్తోందో ఎవరూ పట్టించుకోరు, ఎండాకాలం కాలువలు కట్టేశాక మిగిలిన మడుగుల్లో ఏముందో దేవుడికే తెలియాలి. నేనైతే తామరాకులున్న ఊరి చెరువు నీళ్లే తెచ్చుకుంటాను.

ఆ తర్వాత ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. తీరం వెంట రొయ్యల హేచరీలు ఇన్ని ఉన్నా, దాని సంగతి ఇళ్లలో చేపలు పెంచే వాళ్లకు తెలియదు. నాకు నేర్పింది మా వీధిలో ఉండే బాబాయ్ గారు, హేచరీలోనే పనిచేసి వచ్చేసిన మనిషి. నీళ్ల సీసా అడుగు కోసి తలకిందులుగా కట్టి, లీటరుకు 25 గ్రాముల చొప్పున అయొడిన్ లేని కళ్లుప్పు కలిపి, చెంచాలో సగం గుడ్లు వేసి గాలి గొట్టం పెట్టాం. అర్ధరాత్రి కరెంటు పోయింది. గాలి ఆగితే గుడ్లు అడుక్కి దిగి ఊపిరాడక పోతాయని నాకు టెన్షన్. ఆయన్ని లేపాను. "ఏం కాదయ్యా, గ్లాసు ఇలా ఇవ్వు" అని, కూర్చుని నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూనే ఉన్నారు. ఆయన చెయ్యి నొప్పెడితే నేను. కరెంటు వచ్చేదాకా అదే పని.

మర్నాడు సాయంత్రం గాలి ఆపి, గదిలో లైటు తీసేసి, కింద ఉన్న సీసా మూత దగ్గర టార్చి వెలిగించారు. పెంకులన్నీ పైకి తేలాయి. ఆర్టీమియా పిల్లలన్నీ నారింజ రంగుగా వెలుగు దగ్గరికి దిగి ముద్దకట్టాయి. సన్న గొట్టంతో పలచటి గుడ్డలోకి తీసి, మంచినీళ్లతో కడిగి తొట్టెలో వేశాం. కనురెప్ప వెంట్రుకంత లేని ఫైటర్ పిల్ల ఒళ్లు వంచి, ఒక క్షణం ఆగి, ఎగిరి పట్టింది. కాసేపటికి ఏ పిల్లను చూసినా పొట్ట నారింజ రంగే. ఆ పొట్టలు చూడకుండా పిల్లల్ని పెంచామనుకోకండి.

ఆర్టీమియా గుడ్లు కొనేటప్పుడు సీలు తియ్యని డబ్బానే అడగండి. కవర్లో పోసి అమ్మేవి నాకు సగం కూడా పగల్లేదు. మన గోదావరి తేమకు గుడ్లు త్వరగా చెమ్మగిల్లి చచ్చిపోతాయి. తెరిచిన డబ్బా గాలి చొరకుండా బిగించి ఫ్రిజ్‌లో ఉండాలి, ఇంట్లో ఎవరేమన్నా సరే. పొదిగిన ఆర్టీమియా పిల్లల్ని కూడా కొన్ని గంటల్లోపే చేప పిల్లలకు వేసేయాలి. ఆలస్యమైతే వాటిలో సొన అరిగిపోయి బలం పోతుంది.

మీకు ఇప్పటికే పిల్లలు ఉన్నాయి, గడ్డినీళ్లకు టైము లేదు. మొక్కలున్న పాత తొట్టె ఎవరిదగ్గరైనా ఉంటే దాని ఫిల్టర్ స్పాంజి మీ గిన్నెలో పిండండి, నాచు కాస్త తెచ్చి వేయండి. దానిలో వాటికి సరిపడా సూక్ష్మజీవులు ఉంటాయి. చెరువు నీళ్లు పోయాల్సి వస్తే దట్టమైన గుడ్డలో వడగట్టాలి. చెరువు నీళ్లలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న పురుగులు వస్తే పిల్లల్నే కరుస్తాయి. పిల్లలు అడ్డంగా ఈదుతున్నాయంటే మగ చేపను ఇవాళే తీసేయండి. ఆర్టీమియా మాత్రం ఈ రాత్రికే నానేయండి.