ఆదివాసుల మీద పరిశోధన: ఊళ్లో ఏం చేస్తారు, హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

హైదరాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నానని, మానవశాస్త్రంలో పీజీ చేసి ఆదివాసుల సంస్కృతి మీద పరిశోధన చేయాలని ఉందని రాశారు. ఊళ్లకు వెళ్లి అసలు ఏం చేస్తారు, దానివల్ల వాళ్లకేమైనా ఒరుగుతుందా అని అడిగారు. నేను ఈ ఊళ్లోనే ఆ చదువు చదివి, తర్వాత ఉట్నూరు వైపు గోండు గూడేల్లో చాలాకాలం తిరిగాను. మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. దానికి జవాబు తేలకుండా మొదటి పనికి విలువ లేదు.

మానవశాస్త్రం చరిత్ర అంతా గర్వించదగ్గది కాదు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలిచి కులాలకూ తెగలకూ లెక్కలు కట్టాడు. దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఆయన ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసింది. ఆ చట్టం రద్దయింది 1952లో. మనుషులను కొలిచి, పేరు పెట్టి, గడిలో పెట్టే చదువు ఎంత హాని చేయగలదో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చదవండి.

మన ప్రాంతంలో మరో రకం ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు మన దేశంలో ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది, చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ వాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యంలో ఉండేందుకు అనుమతి దొరకడంతో నల్లమల చెంచుల దగ్గరికి, గోదావరి లోయలోని కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణాలు కోల్పోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు, గోండి భాషలో వాచకాలు తయారు చేయించాడు, భూములకు పట్టాలు రావాలని పట్టుబట్టాడు. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. ఇప్పటికీ అక్కడివాళ్లు ఆ దంపతులను సొంత మనుషుల్లా తలుచుకుంటారు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి: ప్రభుత్వం చెవికెక్కేలా చేసింది ఆయన నివేదిక కంటే ముందు భీం పోరాటం. పరిశోధకుడు ఎంత మంచివాడైనా రెండో వరుసలోనే ఉంటాడు.

ఇక ఊళ్లో చేసే పని. మొదట ఇంటింటికీ తిరిగి చుట్టరికాల పటం గీస్తాం. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. పైకి చూస్తే పొడిపొడి పని. నేను ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె సంతానాన్ని గీస్తుంటే, ఆమె వంగి కాగితం మీది గుర్తులు లెక్కపెట్టుకుంది. తర్వాత, పుట్టి పోయిన బిడ్డలను కూడా గీయమంది. పేరు పెట్టకముందే పోయినవాళ్లను సైతం వరుస తప్పకుండా చెప్పింది, ఏ బిడ్డ తర్వాత ఏ బిడ్డో. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత గీయాలి. గీత గీసిన ప్రతిసారీ ఆమె తల ఊపేది. ఆ ఇంటి పటంలో బతికినవాళ్ల కంటే గీత పడినవాళ్లే ఎక్కువ. ఆ గూడేనికి ఆస్పత్రి ఎంత దూరమో ఆ కాగితం చూసినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

అదే పటం వాళ్ల సమాజం ఎలా కట్టుకుందో కూడా చూపిస్తుంది. రాజ్‌గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతలవాళ్లని పెద్ద కూటాలుంటాయి. ఇంటిపేర్లన్నీ వీటి కిందికే వస్తాయి. ఒకే కూటంలో ఇంటిపేర్లు వేరైనా పెళ్లి చేసుకోరు, అన్నదమ్ముల వరుస. అందుకే కొత్తగా వచ్చిన గోండును ఎన్ని దేవతలవాడివని అడిగితే చాలు, అతడు మామ వరుసో తమ్ముడి వరుసో క్షణంలో తేలిపోతుంది. దీని వెనక ఒక కథ ఉంది. గుహలో బందీలైన తమ దేవతలను జంగుబాయి అనే దేవత, పహండి కుపార్ లింగల్ అనే ఆదిగురువు విడిపించారని, తర్వాత లింగల్ వాళ్లను కూటాలుగా విభజించాడని చెబుతారు. ఆ కథను కాపాడేది ప్రధాన్లు, అంటే గోండుల వంశగాయకులు. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు కుటుంబాలతో తరతరాల బంధం ఉంటుంది. పెద్ద పూజల్లో కిక్రి వాయిస్తూ ఆ ఇంటి వంశచరిత్ర పాడే హక్కు వాళ్లదే. కిక్రికి మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. నేను విన్న ప్రధాన్ పాట మధ్యలో ఆగి, వింటున్న కుర్రవాణ్ణి నీ ముత్తాత పేరు చెప్పమన్నాడు. కుర్రవాడు చెప్పాకే మళ్లీ కమాను ఎత్తాడు. ఇది వినోదం కాదు, దస్తావేజు. మనం రాసుకునేది దానికి నకలు మాత్రమే.

అందుకే నకలు వాళ్లకు చేరాలి. పట్నం నుంచి వచ్చినవాళ్లు పాటలు రికార్డు చేసుకుని వెళ్లి మళ్లీ ముఖం చూపలేదని అదే ప్రధాన్ చెప్పాడు. ఆ బాధ న్యాయమైనది. చేరితే ఏమవుతుందో చూడాలంటే గుంజాల వెళ్లండి. ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఊరి పెద్దలతో కలిసి పనిచేశారు. ఆ లిపిలో వాచకాలు వచ్చాయి, 2018లో యూనికోడ్‌లో చోటు కూడా దక్కింది. అంటే ఫోనులో గోండి అక్షరాలకు దారి ఏర్పడింది.

మీరు ఇప్పుడు చేయగలిగింది ఏమిటంటే, ముందు మాసబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం చూడండి. పనిముట్లు, వాద్యాలు దగ్గర నుంచి చూడవచ్చు. అయితే అద్దాల వెనక ఉన్నదే ఆదివాసి జీవితం అనుకోకండి. గోండులు చాందా (ఇప్పటి చంద్రపూర్) రాజ్యం ఏలినవాళ్లు, ఇవాళ ఇదే నగరంలో హాస్టళ్లలో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు. మ్యూజియం నుంచి బయటికి వస్తే పక్కనే ఏసీ గార్డ్స్. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీల వారసులు స్థిరపడిన పేట అది. బార్కాస్‌లో యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన సైనికుల సంతతి ఉంది. మన పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యం ఈ రెండు సమాజాల నుంచే వచ్చింది. మనుషుల వైవిధ్యం చూడటానికి అడవిదాకా వెళ్లక్కర్లేదు. ఈ పేటల్లో ఎవరైనా పెద్దవారితో సాయంత్రాలు కూర్చుని, అనుమతి అడిగి, వాళ్ల కుటుంబ పటం గీసి చూడండి. ఆ ఓపిక మీకుందో లేదో అక్కడే తేలుతుంది.

ఉందని తేలితే గోండి నేర్చుకోవడం మొదలుపెట్టండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు మామూలు అతిథిగా వెళ్లిరండి, నోటు పుస్తకం లేకుండా. పరిశోధనకు ఊరు ఎంచుకున్నాక ముందు ఊరి పెద్ద అయిన పటేల్‌ను కలిసి, ఏం రాస్తారో, రాసింది ఎవరికిస్తారో ఊరందరి ముందు చెప్పండి. వద్దంటే తిరిగి వచ్చేయండి. ఒప్పుకుంటే, గీసిన ప్రతి పటం, రికార్డు చేసిన ప్రతి పాట ఒక ప్రతి ఆ ఇంట్లో ఇచ్చాకే మీ యూనివర్సిటీకి ఇవ్వండి.