షికాగో చలికి అలవాటు పడాలంటే ముందు ఇంట్లో హీటింగ్ సంగతి చూసుకోండి

జనవరిలో విజయవాడ నుంచి షికాగోకి ఎమ్మెస్‌కి వస్తున్నానని, ఆ చలికి ఎలా అలవాటు పడాలో, ఏ జాకెట్ తెచ్చుకోవాలో చెప్పమని అడిగారు. జాకెట్ అక్కడ కొనకండి. మన ఊళ్లలో అమెరికా జాకెట్ అని అమ్మేవి ఊటీకి సరిపోతాయేమో గానీ ఇక్కడ మిషిగన్ సరస్సు మీంచి కొట్టే గాలికి ఆగవు. వచ్చాక తొడల దాకా ఉండే కోటు, నీళ్లు దిగని బూట్లు కొనుక్కోండి, ఎక్కువ డబ్బు బూట్లకే పెట్టండి, ఎందుకంటే మంచు కరిగి, రోడ్ల మీద చల్లే ఉప్పుతో కలిసి రోడ్డు మలుపుల్లో నిలిచే బురద నీళ్లలో రోజూ కాలు పెట్టక తప్పదు. సూట్‌కేసులో రగ్గులు కుక్కమనే బంధువుల మాట వినకండి, ఆ బరువుకి పచ్చళ్లు, పొడులు బోలెడు వస్తాయి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంటి గురించి. మాది రెంటచింతల వైపు, వేసవిలో ఎండలు ఎక్కడ ఎక్కువ అంటే పేపర్లో మా వైపు పేరే వేస్తారు. అలాంటి చోట పెరిగిన నేనే గట్టిగా చెప్తున్నా, బయటి చలితో ఎవరైనా నెగ్గుకొస్తారు. బస్టాపులో ఉండేది ఎంతసేపని? ఇంటికొచ్చినా చలి వదలకపోతేనే మనిషి డీలా పడిపోతాడు, చదువు మీద మనసు నిలవదు, వెనక్కి వెళ్లిపోదామా అనిపిస్తుంది.

2019 జనవరి ఆఖర్లో మా ఇంట్లో అదే జరిగింది. 30వ తేదీన షికాగోలో మైనస్ 31 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది, పోస్టు కూడా పంచలేదు, రైలు పట్టాలు మారే చోట గడ్డకట్టకుండా గ్యాస్ మంటలు పెట్టారు. మేం నలుగురు ఆడపిల్లలం ఒక పాత ఇటుక బిల్డింగులో ఉండేవాళ్లం, సెల్లార్లో బాయిలర్, దాని వేడిని గదిలోకి ఇచ్చే రేడియేటర్ గదికొకటి, హీటు ఖర్చు అద్దెలోనే కలిపి. ముందే తేడా తెలుస్తూనే ఉంది, రాత్రి తోడేసిన పాలు మర్నాడు సాయంత్రానికి కూడా పాలలాగే ఉండేవి. ఆ రాత్రి రేడియేటర్లు పూర్తిగా చల్లబడిపోయాయి. ఓనర్‌కి ఫోన్ చేస్తే, "మీరు ఎండ దేశం నుంచి వచ్చారు కదా, మీకు మామూలు చలి కూడా ఎక్కువే అనిపిస్తుంది, రేపు చూద్దాం" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

మాలో అందరికంటే చిన్నమ్మాయి గ్యాస్ అవెన్ వెలిగించి తలుపు తీసి పెట్టింది, అందరం రగ్గులు తెచ్చి వంటింట్లోనే పడుకుందామనుకున్నాం. అంతలో పై అంతస్తు పెద్దావిడ, పోలండ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి, మాకూ హీటు పోయిందేమో కనుక్కుందామని దిగొచ్చింది. అవెన్ చూడగానే ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి కట్టేసింది. అలా వదిలేస్తే ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు, దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు ఇక లేవరు. తర్వాత తన ఎలక్ట్రిక్ హీటరు తెచ్చి ఒకే గదిలో పెట్టింది, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టించింది. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా కుళాయి సన్నగా కారేలా వదిలింది. థర్మామీటరు బల్ల మీద పెట్టి, టైము కూడా కనబడేలా ఫోటో తీయించి, షికాగో నగరపాలక సంస్థకి ఫిర్యాదులు చెప్పే నంబరు 311కి ఫోన్ చేయమంది.

అప్పుడే నాకు తెలిసింది. షికాగోలో హీటు ఓనర్ ఇవ్వాల్సిన ఇళ్లలో సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పొద్దున 8:30 నుంచి రాత్రి 10:30 వరకు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రిపూట 66 ఉండి తీరాలి. అంటే మన లెక్కలో 20, 19 డిగ్రీలు. లేకపోతే ఓనర్‌కి రోజుకి 500 నుంచి 1000 డాలర్ల జరిమానా. పొద్దున్నే ఓనర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు చదివి వినిపించాను. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు.

మనవాళ్ల మీద నా కోపం ఇక్కడే. ఏ కంపెనీ ఎంత ప్యాకేజీ ఇస్తోందో వాట్సాప్ గ్రూపులో క్షణాల్లో పాకిపోతుంది, ఈ 311 నంబరు మాత్రం ఎవరూ చెప్పరు. పైగా "వీసా మీద ఉన్నాం, మనకెందుకు గొడవ" అంటారు. ఇంట్లో హీటు లేదని ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమిటి సంబంధం? ఫిర్యాదు చేశారని ఖాళీ చేయించకూడదని కూడా 1986 నుంచి షికాగోలో చట్టం ఉంది, కాకపోతే ఓనర్ అక్కడే ఉండే చిన్న బిల్డింగులకి అది వర్తించకపోవచ్చు. షికాగో చుట్టుపక్కల అరోరా, నేపర్‌విల్ లాంటి ఊళ్ల వైపు దిగుతుంటే ఆ ఊరి రూల్స్ విడిగా కనుక్కోండి.

చీకటి గురించి మీరు అడగలేదు గానీ, డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. అందుకని మధ్యాహ్నం వెలుతురులో ఒకసారి నడిచి రండి, ఎంత చలైనా సరే.

ఇల్లు అక్కడి నుంచే వీడియోలో చూసి ఖాయం చేస్తారు కాబట్టి, ఇప్పుడు అందులో ఉంటున్న స్టూడెంట్‌తోనే మాట్లాడండి. హీటు అద్దెలో కలిపా, విడిగానా? విడిగా అయితే పోయిన జనవరి గ్యాస్ బిల్లు ఫోటో పంపమనండి. పడక గదికి 15 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలన్నది ఇల్లినాయ్ చట్టం, అది ఉందో లేదో చూపించమనండి. రాత్రిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో కూడా అడగండి. ఇవి తేలేదాకా అడ్వాన్స్ పంపకండి.