ఆకురాయి వాళ్ల చేతికివ్వండి

మేడం గారూ, మీ విజయనగరం కాలేజీలో మెకానికల్ సెక్షన్‌కి అయిదుగురే అమ్మాయిలని, వర్క్‌షాపులో రికార్డు రాయడానికే మిగిలిపోతున్నారని అన్నారు. శ్రీకాకుళంలో మాదీ ఇదే గోల.

ముందు బ్యాచ్‌లు మార్చండి. బ్యాచ్‌కొక అమ్మాయిని వేస్తే, చేతిరాత బాగుందంటూ కలం ఆ పిల్లకే అంటగడతారు. అయిదుగురినీ ఒకే బ్యాచ్‌లో వేయండి. మా దగ్గర ఒకమ్మాయికి ఇనుము అరగదీసే ఆకురాయి పట్టడమే రాలేదు. చూస్తే వైస్, అంటే ముక్కను బిగించే పట్టు, ఆమె మోచేతికి బాగా పైన ఉంది! కాళ్లకింద చెక్కపీట వేశాం. మూడో వారానికి ఆమె వి-ఫిట్ ముక్కలు, అంటే వి ఆకారంలో ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా అరగదీసినవి, కలిపి కిటికీకేసి పడితే సందులోంచి వెలుతురు రాలేదు.

వర్క్‌షాపు పక్క బాత్రూం తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా కనుక్కోండి. నవ్వొద్దు, సగం సమస్య అక్కడే. సాయంత్రం ల్యాబు సాగితే చీపురుపల్లి వైపు వెళ్లే పిల్లలకి బస్సు బెంగ. వీలైతే అందరికీ ఉదయమే పెట్టించండి.

ఫీజు కష్టమైనవాళ్లకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ సంగతి చెప్పండి. ఏడాదికి 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లయితే ఆ రెండో ఏడాదిలోనే. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీయించండి, చివరి వారంలో సైటు మొరాయిస్తుంది.